అంతేవాసి – ప్రవాసి

విద్యార్థికి మన భాషలో ఉన్న పేర్లలో నాకు మిక్కిలి ఇష్టమైనది 'అంతేవాసి'. గురువు సమీపంలో నివసించేవాడని అర్థం. 'అంతే' అన్న సప్తమీ విభక్తి రూపం సమాసంలో చేరినా లోపించదు గనుక వ్యాకర్తలు దీనిని అలుక్ సమాసమన్నారు. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, వేదాధ్యయనం ముగించిన శిష్యునికి ఆచార్యుడు హితవు చెప్పే చోట, ఆ శిష్యుని పేరు అంతేవాసియే. ఇక దూరదేశంలో ఉన్నవాణ్ణి 'ప్రవాసి' అంటాం. రెండు పదాలలోనూ ఉన్నది ఒకే ధాతువు, 'వస్'. నివసించడమని దాని అర్థం. ఒకడు దగ్గర వసించేవాడు, మరొకడు దూరాన వసించేవాడు.

పరదేశంలో చదువుకుంటున్న మన పిల్లలు ఏకకాలంలో ఈ రెండూ అవుతారు. ఇంటికి ప్రవాసి, బడికి అంతేవాసి. ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలిసినదే అయినా, ఆ రెండు మాటల నడుమ ఒక ఆడపిల్ల చదువూ భవిష్యత్తూ ఎట్లా వేలాడగలవో గడచిన రెండేళ్లలోనే చూశాను. ఇట్టి చిక్కు ఇంకా అనేకుల ఇళ్లలో ఉంటుందనిపించి, తెలిసినంత మేరకు ఇక్కడ వ్రాసి పెడుతున్నాను.

మా అక్కగారి మనవరాలు 2023 ఆగస్టులో అమెరికాకు వెళ్లి ఒక కళాశాలలో డిగ్రీలో చేరింది. రెండవ సంవత్సరం మధ్యలో, అంటే 2025 జనవరి నుంచి మే వరకు, ఒక అర్ధసంవత్సరం స్పెయిన్ దేశంలోని సలమాంకా విశ్వవిద్యాలయంలో చదువుతానన్నది. 1218లో స్థాపించిన విద్యాపీఠమది. అమెరికా కళాశాలల్లో చదివే పిల్లలు ఇట్లా ఒక అర్ధసంవత్సరం వేరే దేశంలో చదివి రావడం వారికి మామూలు. తోటి అమెరికా పిల్లలు సంచీ సర్దుకొని సిద్ధమయ్యారు. మా పిల్లకు మాత్రం అది పరదేశం నుంచి మరొక పరదేశానికి పోవడం.

మా మేనకోడలు నాకు ఫోను చేసి, "మామయ్యా, అది అమెరికా వెళ్లిందే ఎంత కష్టం మీదనో నీకు తెలుసు. ఇప్పుడు అక్కణ్ణించి ఇంకో దేశం పోతానంటోంది. ఉన్న వీసా కాస్తా ఊడితే ఎవరిది పూచీ?" అని వాపోయింది. నేను న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాను. కాని ఒక ఉత్సర్గం, దానికొక అపవాదం, ఆ అపవాదానికి మళ్లీ ఒక ప్రతిప్రసవం అనే పద్ధతిలో వ్యాకరణం చదువుకున్నవాడికి ఏ దేశపు చట్టమైనా బొత్తిగా కొరుకుడుపడకపోదు. పిల్ల పంపిన కాగితాలూ, ఆ ప్రభుత్వం వారు ప్రకటించిన నియమాలూ ముందు పెట్టుకొని కూర్చున్నాను.

మొదట తెలిసివచ్చినది, మనం ఒకటే అనుకుంటున్నవి నిజానికి రెండని. వీసా వేరు, స్థితి వేరు. ఆంగ్లంలో స్టేటస్ అంటున్న దానిని నేను స్థితి అంటున్నాను. రెండింటికీ మూలం 'నిలుచుట' అన్న ఒకే ప్రాచీన ధాతువు. వీసా అన్నది లాటిన్ మాట. 'చూడబడినది' అని అర్థం, అనగా అధికారి చూసి ముద్ర వేసిన పత్రం. దానికి మూలమైన ధాతువూ, మన 'విద్య'కు మూలమైన 'విద్' ధాతువూ దాయాదులని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. వీసా చేసే పని ఒక్కటే. ఆ దేశపు గుమ్మం దాకా పోయి తలుపు తట్టే అర్హతనిస్తుంది. తలుపు తీసి లోపలికి రానిచ్చిన క్షణం నుంచి మొదలయ్యేది స్థితి. వీసా గడువు లోపలుండగా తీరిపోయినా స్థితి చెడదు. స్థితి చెడితే, గడువు ఇంకా మూడేళ్లున్న వీసా కూడా కాపాడదు.

మనవాళ్ల ఆరాటమంతా వీసా చుట్టూనే తిరుగుతుంది. హైదరాబాదు శివార్లలోని చిలుకూరు బాలాజీని జనం 'వీసా బాలాజీ' అని పిలుచుకుంటారు. కోరిక విన్నవించుకొని 11 ప్రదక్షిణలు, తీరిన తరువాత 108. నాకు ఆ భక్తి పట్ల ఆక్షేపణ లేదు. అయితే స్థితి నిలవాలని ప్రదక్షిణం చేసినవారిని నేను ఇంతవరకు చూడలేదు. వీసా ఒకనాడు ఒకరు ఇచ్చేది. స్థితి ప్రతిదినమూ మనం నిలుపుకోవలసినది. ఒకటి వరం, రెండవది వ్రతం.

ఆ వ్రతనియమాలు మరీ కఠినమైనవి కావు. ఎఫ్-1 అనే విద్యార్థి స్థితిలో ఉన్నవారు తమకు ఐ-20 పత్రం ఇచ్చిన విద్యాలయంలో పూర్తికాలపు చదువు చదవాలి. డిగ్రీ విద్యార్థికి అది అర్ధసంవత్సరానికి కనీసం 12 క్రెడిట్లు. 2003 నుంచి ఈ వివరాలన్నీ సెవిస్ అనే ప్రభుత్వపు దస్తరంలో ఉంటున్నాయి. ప్రతి అర్ధసంవత్సరమూ విద్యాలయంలోని బాధ్యుడైన అధికారి, 'ఈ విద్యార్థి మావద్ద చదువుతున్నాడు' అని అందులో నమోదు చేయాలి. మన కాలంలో హాజరుపట్టీ ఎట్లాటిదో ఇదీ అట్లాటిదే. కాకపోతే ఈ పట్టీలో పేరు కొట్టివేస్తే విద్యార్థి బడి ఒక్కటే కాదు, దేశమే వదలవలసి ఉంటుంది.

ఈ నియమాలు చదివిన తరువాత చట్టం అడుగుతున్న ప్రశ్న ఏమిటో నాకు స్పష్టమైంది. 'నీవు ఏ దేశంలో ఉన్నావు' అన్నది దాని మొదటి ప్రశ్న కాదు. 'నీవు ఎవరి అంతేవాసివి' అన్నదే.

ఈ మాటకు మన తెలుగువారి అనుభవంలోనే రెండు దుఃఖకరమైన ఉదాహరణలున్నాయి. కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ అనే సంస్థపై 2011 జనవరిలో దాడులు జరిగాయి. అక్కడ పేర్లున్న సుమారు 1,500 మందిలో భారతీయులే అధికులు. వారిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు అనేకులు. కొందరి కాళ్లకు ఎలక్ట్రానిక్ పట్టీలు తగిలించిన చిత్రాలు చూసి ఇక్కడ తల్లిదండ్రులు ఎంత తల్లడిల్లారో ఇంకా గుర్తున్నది. ఆ సంస్థను నడిపినామెకు 2014లో అక్కడి న్యాయస్థానం 16 సంవత్సరాలకు మించిన శిక్ష వేసింది. తరువాత 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రపు ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడింది. అది అధికారులే వలగా పన్నిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. పాఠాలు లేవు, చెప్పే గురువులూ లేరు. మొదటి విడతలో పట్టుబడిన సుమారు 130 మందిలో దాదాపు అందరూ భారతీయులే.

ఆ పిల్లలలో మోసపోయినవారున్నారు, తెలిసి చేరినవారూ ఉన్నారు. వారి మంచిచెడ్డలు తూచడం నా ఉద్దేశం కాదు. నేను గమనించినది ఇది. వారందరూ అమెరికా గడ్డమీదనే ఉన్నారు. అనేకుల పాస్‌పోర్టులలో వీసా ముద్రకు గడువు కూడా ఉండే ఉంటుంది. లేనిది అంతేవాసిత్వం. కూర్చోవడానికి తరగతి లేదు, ఎదుట గురువు లేడు. ఆ దేశం నుంచి ఒక్క అడుగు కూడా బయట పెట్టకుండానే స్థితి జారిపోయింది. మరి వేల మైళ్ల అవతల సలమాంకాలో కూర్చున్న పిల్లకు స్థితి నిలుస్తుందా? నిలుస్తుందనే నియమాలు చెబుతున్నాయి. అయితే మూడు షరతులున్నాయి.

మొదటిది, ఆమె తన కళాశాల విద్యార్థినిగానే వెళ్లాలి. కళాశాల ఆమోదించిన పథకం కింద, కళాశాలలోనే పూర్తికాలపు నమోదు ఉండగా, అక్కడ సంపాదించిన క్రెడిట్లు ఇక్కడి పట్టాలో కలిసేటట్లు వెళితే సెవిస్ దస్తరం సజీవంగా ఉంటుంది. అట్లా కాక కళాశాలకు సెలవు చెప్పి, స్వతంత్రంగా స్పెయిన్ విశ్వవిద్యాలయంలో చేరితే ఇక్కడి దస్తరం మూతపడుతుంది. కూర్చునే బల్ల అదే, వినే పాఠం అదే, వ్రాసే పరీక్ష అదే. కాని మొదటి తోవన వెళ్లినది ఇంకా అంతేవాసి, రెండవ తోవన వెళ్లినది కేవలం ప్రవాసి.

రెండవది కాలానికి సంబంధించినది. అయిదు నెలలకు మించి చదువుకు దూరమై దేశం బయట ఉంటే స్థితి పోయే ప్రమాదమున్నదన్నది ఉత్సర్గం. బయట ఉన్నది ఆ చదువు కోసమే అయితే మినహాయింపు ఉన్నదన్నది అపవాదం. ఈ అపవాదం వల్లనే సంవత్సరం పొడుగునా విదేశంలో చదివే పథకాలు సాధ్యమవుతున్నాయి.

మూడవది ఉద్యోగశిక్షణకు సంబంధించినది. చదువు ముగిశాక ఓ.పి.టి. పేరిట ఒక సంవత్సరం పనిచేసే అవకాశం కావాలంటే, అంతకు ముందు ఒక విద్యాసంవత్సరమంతా పూర్తికాలం చదివి ఉండాలి. విదేశంలో చదివిన అర్ధసంవత్సరాన్నీ అందులో లెక్కిస్తారు. కాని వెళ్లడానికి ముందు కనీసం ఒక పూర్తి అర్ధసంవత్సరం అమెరికాలోనే చదివి ఉండాలని నియమం. మా పిల్ల అప్పటికి మూడు ముగించింది గనుక ఈ చిక్కు లేకపోయింది. చివరి అర్ధసంవత్సరంలో విదేశానికి వెళ్లేవారికి మరొక గండమున్నది. ఓ.పి.టి. దరఖాస్తు అమెరికాలో ఉండి పెట్టవలసినది. బయట ఉండగానే చదువు ముగింపు తేదీ దాటిపోతే, తిరిగి వచ్చి దరఖాస్తు పెట్టుకునే దారి మూసుకుపోతుంది. నాలుగేళ్ల శ్రమకు ఫలం చేతికందే వేళ ఇట్లాంటి పొరపాటు జరిగితే ఎంత కష్టం!

దూరాన ఉంటూ అంతేవాసిగా ఉండడం నేటి వింత కాదని కూడా ఈ సందర్భంలో గుర్తుకు వచ్చింది. హ్యుయాన్‌త్సాంగ్ చీనా దేశం నుంచి వచ్చి నలందలో శీలభద్రుని వద్ద చదువుకున్నాడు. అక్కణ్ణించి దక్షిణానికి సాగి మన ధాన్యకటకంలో కొన్ని నెలలుండి, అభిధర్మ గ్రంథాలు పఠించి, తరువాత మళ్లీ నలంద చేరాడు. పరదేశి అయిన విద్యార్థి ఇంకొక దేశంలో ఒక విడత చదివి గురుకులానికి తిరిగి రావడమే గదా ఇది! ఆయనకూ స్థితి చిక్కు తప్పలేదు. రాజాజ్ఞ లేకుండా తన దేశం సరిహద్దు దాటి వచ్చాడు. అందుకని క్రీ.శ. 645లో తిరిగి రాజధాని చేరకముందే, ఖోటాన్ నుంచి చక్రవర్తికి మన్నింపు వేడుతూ లేఖ పంపుకున్నాడు. చక్రవర్తి ఆదరించాడు గనుక కథ సుఖాంతమైంది.

మా పిల్ల విషయానికి వస్తే, స్పెయిన్‌లో 90 రోజులకు మించి చదవాలంటే ఆ దేశపు దీర్ఘకాలిక విద్యార్థి వీసా కావాలి. ఆ వీసాకు అమెరికాలోనే దరఖాస్తు చేసుకున్నది. భారతీయురాలివి, అమెరికాలో ఏ హోదాలో ఉన్నావో, చదువు అయ్యాక తిరిగి అక్కడికి వెళ్లగలవో చూపించమన్నారు. ఒక స్థితికి ఇంకొక స్థితి జామీను! ఐ-20 మీద ప్రయాణానికి కళాశాల అధికారి సంతకం, కళాశాల ఇచ్చిన లేఖ, రెండూ పెట్టుకొని 2025 జనవరి రెండవ వారంలో బయలుదేరింది.

ఏప్రిల్‌లో పిడుగు పడింది. అమెరికాలో వేలాదిమంది విదేశీ విద్యార్థుల సెవిస్ దస్తరాలను హఠాత్తుగా రద్దు చేశారు. అనేకులకు కారణమైనా తెలియలేదు. కొందరి విషయంలో ఎప్పుడో జరిగిన చిన్న ట్రాఫిక్ వ్యవహారమే కారణమన్నారు. విద్యార్థులు న్యాయస్థానాలకెక్కారు. వీసా రద్దు కావడం వేరు, స్థితి పోవడం వేరు అన్న విచక్షణే ఆ వాదాలలో ప్రధానమైంది. నెలాఖరుకు ప్రభుత్వం దస్తరాలను పునరుద్ధరిస్తామని ఒప్పుకున్నది. ఆ మూడు నాలుగు వారాలూ మా మేనకోడలికి నిద్ర లేదు. దేశంలోపల ఉన్నవాళ్లకే ఇట్లా అయితే బయట ఉన్న పిల్ల గతి ఏమిటని ఆమె భయం. పిల్ల మాత్రం రోజూ తన కళాశాల అధికారిణికి ఉత్తరం వ్రాసి దస్తరం సజీవంగా ఉన్నదో లేదో కనుక్కుంటూ పరీక్షలకు చదువుకున్నది.

అసలు పరీక్ష మే నెలలో వచ్చింది. సలమాంకాలో చదువు ముగిసింది. అమెరికాలో తరగతులు మళ్లీ మొదలయ్యేది ఆగస్టు చివర. నడుమ మూడు నెలల సెలవు. ఇల్లు వదిలి దాదాపు రెండేళ్లు. ఇంటికి వచ్చి సెలవు గడిపి ఆగస్టులో అమెరికా వెళితే, జనవరి నుంచి లెక్కిస్తే ఏడు నెలలు బయట ఉన్నట్లవుతుంది. అందులో చదువు కోసం ఉన్నవి అయిదు లోపలే, మిగిలినది సెలవు. ఇది ఉత్సర్గంలో పడుతుందా, అపవాదంలో పడుతుందా? కళాశాల అధికారిణి సమాధానం నాకు నచ్చింది. "నియమాన్నిబట్టి నీకు అభ్యంతరం ఉండదనే అనుకుంటున్నాను. కాని విమానాశ్రయంలో నిన్ను ప్రశ్నించే అధికారి పక్కన నేను ఉండను" అన్నదట.

మా అక్కయ్యకు డెబ్బై ఎనిమిది. "స్పెయిన్‌కు మనం దగ్గరా, అమెరికా దగ్గరా?" అని అడిగింది. అట్లాసు తీసి చూపించి, అమెరికా తూర్పు తీరమే కాస్త దగ్గరన్నాను. "అదేమిట్రా, నడుమ అంత సముద్రం పెట్టుకొని అది దగ్గరెలా అవుతుంది?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. అంతేవాసి అన్న పదంలో ఉన్న సామీప్యాన్ని మైళ్లలో కొలవలేమని జీవితమంతా పిల్లలకు చెప్పినవాణ్ణి. అదే మాట మనవరాలికోసం కళ్లు కాయలు కాసేటట్లు ఎదురుచూస్తున్న ముసలిదానికి చెప్పడానికి నోరు రాలేదు.

నిర్ణయం పిల్లదే. "తాతయ్యా, అయిదు నెలలు నిండకముందే కళాశాలకు వెళ్లిపోతాను. అమ్మమ్మకు నువ్వు చెప్పు" అన్నది. జూన్ మొదటి వారంలో అమెరికా చేరింది. విమానాశ్రయంలో ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగి, ఐ-20, కళాశాల లేఖ చూసి, రెండు నిమిషాలలో పంపివేశారట. అంత సులువుగా పోయినందుకు సంతోషించాలో, అంత సులువైన దానికోసం ఒక వేసవి వదులుకున్నందుకు చింతించాలో మాకు తెలియలేదు. డిసెంబరులో మూడు వారాలు వచ్చి అమ్మమ్మను చూసి వెళ్లింది.

నా దృష్టిలో ఆమె చేసినది సరియైన పని. నియమం అనుమతించినదంతా వాడుకోవాలని లేదు. వ్యాకరణంలో వికల్పం ఉన్న చోట రెండు రూపాలూ సాధువులే అయినా, వినేవాడు సందేహపడని రూపాన్ని వాడడం వివేకం. అయితే ఇరవై యేళ్ల పిల్లకు ఇంతటి జాగ్రత్త అవసరం కావడం మాత్రం నాకు విచారకరంగానే తోచింది. తోటి అమెరికా పిల్లలకు స్పెయిన్ అంటే కొత్త భాష, కొత్త తిండి, పాత కోటలు. మా పిల్లకు వాటితోపాటు వేళ్లమీద లెక్కపెట్టుకునే రోజులు కూడా.

2025లోనే మరి రెండు మార్పులు వచ్చాయి. ఆగస్టు చివర, విద్యార్థులను చదువు సాగినంతకాలం ఉండనిచ్చే చిరకాలపు పద్ధతికి బదులు గరిష్ఠంగా నాలుగేళ్ల గడువు పెట్టాలని అక్కడి ప్రభుత్వం ప్రతిపాదించింది. సెప్టెంబరు 6న, అమెరికా వీసా కోరేవారు తమ పౌరసత్వమున్న దేశంలోగాని, నివాసమున్న దేశంలోగాని ఇంటర్వ్యూకు హాజరు కావాలన్నారు. దీనివల్ల స్పెయిన్‌లో చదువుతుండగా వీసా గడువు తీరితే, అక్కడే కొత్తది తీసుకుందామన్న ధీమా పనికిరాదు. ఇండియాకు రావలసిందే అనుకొని ఏర్పాట్లు చేసుకోవాలి. నియమాలు మారుతూనే ఉంటాయి గనుక బయలుదేరే నాటికి ఉన్నదేదో కళాశాల అధికారిని అడిగి వ్రాతపూర్వకంగా తీసుకోవడం ఉత్తమం. ఏజెంటు మాటా, స్నేహితుని అనుభవమూ ప్రమాణాలు కావు.

అమెరికాలో చదివే భారతీయ విద్యార్థులు 2023-24లో 3,31,602 మంది. ఆ సంవత్సరం చీనావారిని మించిపోయారు. వారిలో తెలుగు పిల్లలు ఎందరో! వారిలో మూడవ దేశానికి వెళ్లాలనుకునేవారు ఇకముందు పెరుగుతారే గాని తగ్గరు. వెళ్లవద్దని నేను అనను. సలమాంకా నుంచి మా పిల్ల స్పానిష్ మాటలు తెచ్చుకున్నది, ధైర్యమూ తెచ్చుకున్నది. తల్లిదండ్రులు మాత్రం 'వీసా ఉన్నదా' అని అడగడంతో ఆగవద్దు. పేరు ఏ కళాశాలలో నమోదైంది, క్రెడిట్లు ఎక్కడ చేరుతాయి, ఐ-20 మీద సంతకం ఎన్నటిది, బయట ఉండేది ఎన్ని నెలలు, వీసా గడువు ఎప్పటివరకు – ఈ అయిదూ విమానం టిక్కెట్టు కొనకముందే అడగండి. పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

శుభం భూయాత్.